సూదమ్మ గాలానికి చీజు

సూదమ్మను బెంచీ మీద కూర్చోబెట్టాలని సంఘం నిర్ణయించిందన్న కబురు ఆమె కొడుకే మోసుకొచ్చాడు. అదీ మొహం చాటంత చేసుకుని మరీ. కన్నకొడుకు కాబట్టి సరిపోయింది గానీ, ఇంకెవరైనా అయితే ఆ పూట గుమ్మంలోనే కడిగి ఆరేసేది.

"గౌరవ సభ్యత్వం అమ్మా," అన్నాడు బూట్లు విప్పుతూ. "ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. బెంచీకి ఈ ఏడు కొత్త కుషను వేయించారు. ఎండ తగలకుండా పైన రేకు కూడా. హాయిగా కూర్చుని అందర్నీ చూస్తూ ఉండొచ్చు."

"చూస్తూ," అంది సూదమ్మ.

"అవును. నడుం కూడా నొప్పి పెట్టదు."

సూదమ్మ తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. "మరి గాలం?"

కొడుకు సాక్సు విప్పడంలో మునిగిపోయాడు. ఒక సాక్సు విప్పడానికి అంతసేపు పట్టడం ఆ ఇంట్లో అదే మొదలు.

నది వంపు దగ్గర గాలాలు వేసేవాళ్ళ సంఘానికి పాతకాలం నాటి పద్ధతి ఒకటుంది. చలి తగ్గి వేట మళ్ళీ మొదలయ్యే ఆదివారం నాడు సభ్యులంతా గట్టు మీద ఎవరి రాయి మీద వాళ్ళు వరసగా కూర్చుంటారు. కార్యదర్శి ఒక్కొక్కరి ముందుకూ వచ్చి నిలబడతాడు. ఆయన చూస్తుండగా ఎవరి ఎర వాళ్ళే గాలానికి పెట్టుకోవాలి. ఆ రోజు పడ్డ చేపను ఎవరిది వాళ్ళే గట్టెక్కించి, ఎవరిది వాళ్ళే గాలం నుంచి విడిపించుకోవాలి. మరో చెయ్యి తగిలిందా, ఆ మనిషి పని అయిపోయినట్టే. వెనకనున్న బెంచీ ఎక్కాల్సిందే. బెంచీ ఎక్కినవాళ్ళు మళ్ళీ గాలం పట్టరు. దీన్నే వాళ్ళు గౌరవ సభ్యత్వం అంటారు. ఆ గౌరవం తమకెప్పుడు వస్తుందా అని ఎదురుచూసిన సభ్యుడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ లేడు.

కిందటేడు పోస్టాయన బెంచీ ఎక్కాడు. ఊళ్ళో సగం తలుపులు తట్టిన మనిషి, ఇప్పుడు ప్రతి ఆదివారం వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ మీద తేలే ఎవరెవరివో బెండ్లు చూస్తూ కూర్చుంటాడు. నీళ్ళలో ఎవరి బెండు మునిగినా ఆయన బొటనవేలు ఒళ్ళోనే కదులుతుంది. సూదమ్మ అది ఒక్కసారి చూసింది. ఆ తర్వాత అటు తల తిప్పడమే మానేసింది.

సూదమ్మ అసలు పేరు సంఘంలో ఎవరికీ గుర్తులేదు. బజారులో బట్టలు కుట్టే కొట్టు నడిపింది. సూది పట్టే చేతికీ సూదిలా గుచ్చే నోటికీ కలిపి ఎవరో ఆ పేరు పెట్టారు, అదే స్థిరపడింది. వారమంతా గుడ్డలూ దారాలూ చూసిన కళ్ళకు కాస్త నీళ్ళు చూపిద్దామని ఒక ఆదివారం గట్టెక్కింది. ఆడమనిషి గాలం పట్టడమేమిటని మొదట్లో మగవాళ్ళు మూతులు బిగించి నవ్వారు. సాయంత్రానికి ఆమె బుట్ట చూసి నవ్వు మింగేశారు. అప్పట్నుంచి వరసలో చివరి నుంచి రెండో రాయి ఆమెదే.

ఈ చలికాలం మొదట్లో ఆమె చేతులు వణకడం మొదలెట్టాయి. డాక్టరు చూసి, వయసుతో వచ్చేదే, ప్రాణానికేం భయం లేదన్నాడు. "అంటే నిండు నూరేళ్ళూ బతికి వణకొచ్చన్నమాట," అంది సూదమ్మ. డాక్టరు నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు. సూదిలో దారం ఎక్కించడం కోడలికి అప్పగించింది. టీ కప్పు సగమే పోయించుకోవడం అలవాటు చేసుకుంది. వానపామును గాలానికి గుచ్చడం మాత్రం ఎవరికీ అప్పగించేది కాదు. గుచ్చబోయి రెండుసార్లు వేలికే గుచ్చుకుంది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

"మరి సంఘానికి ఎలా తెలిసింది?" అని అడిగింది ఇప్పుడు.

కొడుకు తలెత్తలేదు. "నేనే చెప్పానమ్మా. కార్యదర్శిగారు లిఫ్టు పాడైంది, బాగుచెయ్యమని పిలిస్తే వెళ్ళా. మాటల్లో మాటగా అన్నాను. ఆదివారం అందరి ముందూ నీ చెయ్యి వణికితే, నువ్వు వానపాము గుచ్చలేకపోతే, ఎంత నామోషీ? దానికంటే ముందే గౌరవంగా..."

"నా పరువు కాపాడటానికి నన్నే అప్పజెప్పి వచ్చావు."

"అలా అంటావేంటమ్మా. నీ మంచికే కదా."

సూదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మంచి ఏదో నన్ను తప్ప అందర్నీ అడిగి తెలుసుకున్నాడు వీడు, అనుకుంది. తుండుగుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంది. అవి వణుకుతున్నది కోపానికో జబ్బుకో ఆమెకే తెలియలేదు.

"విను. ఆదివారం నా రాయి మీద నేను కూర్చుంటా. నా ఎర నేనే పెట్టుకుంటా. చేతకాలేదనుకో, నేనే లేచి నడిచెళ్ళి బెంచీ ఎక్కుతా. నన్నెవరూ భుజం పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టక్కర్లేదు. నువ్వైతే అసలే అక్కర్లేదు."

అనడం అయితే అనేసింది. మర్నాడు పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, తవ్వి తెచ్చిన వానపాములు మట్టి చిప్పలో పెట్టుకుని కూర్చుంది. వానపాము ఒకవైపు మెలి తిరిగితే చెయ్యి ఇంకోవైపు వణికేది. చెయ్యి కుదురుకున్న క్షణాన వానపాము ఎగిరిపడేది. ఒకటి గుచ్చగలిగిందని సంతోషించేలోపు గాలం తన చీర కుచ్చిళ్ళకు పట్టుకుందని తెలిసింది. చిప్ప ఎత్తి మట్టిలో బోర్లించింది.

వెనక గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఏమో.

"నువ్వూ బెంచీ గురించి చెప్పడానికే వచ్చావా?" అంది సూదమ్మ.

"లేదత్తయ్యా. వానపామూ కదులుతోంది, మీ చెయ్యీ కదులుతోంది. రెండిట్లో ఒకటైనా కుదురుగా ఉండాలి కదా. మీ చెయ్యి మన మాట వినదు. వానపాముని మార్చేద్దాం."

కోడలు పెద్ద దుకాణంలో చీజు కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా చక్రాల్లాంటి చీజు దిమ్మలను తీగతో కోసి, తూచి, కాగితంలో చుట్టి ఇవ్వడం ఆమె పని. తమ కౌంటరుకు ఒక ముసలాయన వస్తాడనీ, కోసేటప్పుడు రాలిన తుంపులన్నీ అడిగి మూట కట్టించుకుంటాడనీ చెప్పింది. ఇంట్లో ఎలకలున్నాయా తాతా అని అడిగితే, కాదమ్మా, చేపలున్నాయి అన్నాడట.

"చీజా?" అంది సూదమ్మ. "చిన్నపిల్లల డబ్బాలో పెట్టేదా? బాగుంది. రొట్టె కాల్చి, దాని మీద రాసి, పక్కన టీ కూడా పెడదామా చేపలకి?"

"మీరు తిట్టండి, నేను సాయంత్రం తెస్తా."

తెచ్చింది. పసుప్పచ్చగా, నిగనిగలాడుతూ అరచేతి మందాన ముక్క. సూదమ్మ మూతి ముడుచుకుంటూనే కొంచెం తుంచి వేళ్ళ మధ్య నలిపింది. ఇంకొంచెం తుంచింది. ఒంటి వేడికి అది మెల్లగా మెత్తబడి ముద్దయింది. ముద్ద పిసకడానికి చెయ్యి వణికితే నష్టమేముంది? ఆ వణుకు కూడా పిసుకుడులోనే కలిసిపోయింది. గాలాన్ని అరచేతిలో పెట్టి, మీద ముద్ద అద్ది, గుప్పిట మూసి నాలుగుసార్లు నలిపి తెరిచింది. గాలం ముద్దలో బుద్ధిగా కూర్చుని ఉంది. వేలికి చిన్న గీత కూడా పడలేదు.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఊఁ," అంది సూదమ్మ. ఆమె నోట్లోంచి అంతకంటే పెద్ద మెప్పు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

కోడలికి సెలవు దొరికిన రోజున ఇద్దరూ సంఘం గట్టుకు దూరంగా, ఎవరూ రాని చోటు చూసుకుని వెళ్ళారు. గాలం పడ్డ కాసేపటికే బెండు మునిగింది. సూదమ్మ కర్ర ఎత్తింది. ఏమీ లేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ మునిగింది, మళ్ళీ ఖాళీ. చేపలు వస్తున్నాయి, నోట పెట్టుకుంటున్నాయి, వదిలేసి పోతున్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి సూదమ్మ చేపల ఏడు తరాల వాళ్ళనూ తిట్టడం పూర్తి చేసింది.

"ఇంకేముంది, నా చేతుల్లోనే ఉంది దోషం," అంది చివరికి. గొంతు అంత చిన్నగా రావడం కోడలు ఎప్పుడూ వినలేదు. "చేప పట్టుకున్న క్షణానికి నేను ఎత్తలేకపోతున్నా. మీ ఆయన అన్నదే నిజం."

కోడలికి ఆ మాట నచ్చలేదు. తాడు లాగి గాలం చేతిలోకి తీసుకుంది. ముద్దను నొక్కి చూసింది. నొక్కు పడలేదు. రాతికేసి కొడితే టక్కుమంది.

"అయ్యో నా తెలివి మండా," అని నుదురు కొట్టుకుంది. "ఫ్రిజ్ లోంచి తీసి కోసేది రోజూ నేనే. చల్లబడితే ఇది రాయవుతుందని నాకు తెలీదా? ఈ నీళ్ళ చలి ఫ్రిజ్ కంటే తక్కువా? గాలం దీని లోపల ఇరుక్కుపోయింది అత్తయ్యా. చేప నోట పెట్టుకున్నా దాని మొన బయటికి వస్తే కదా. మీ చేతుల తప్పేం లేదు."

"మరి ఇది ఎందుకు తెచ్చావు?"

"మా దుకాణంలో అన్నిటికంటే మంచిది ఇదే. మీకని పేరున్నది తెచ్చాను."

కౌంటరు వెనక నిలబడి నిలబడి ఆ పిల్లకు గట్టిగా ఉన్నదే మంచి సరుకని మనసులో నాటుకుపోయింది. తినేవాళ్ళకు అది నిజమే. నీళ్ళలో ఉన్నవాళ్ళ సంగతి వేరు. సూదమ్మకు ఎన్ని రోజుల తర్వాతో నవ్వొచ్చింది. "పిచ్చిపిల్లా, చేపలేమైనా అల్లుళ్ళా, మర్యాదలు చెయ్యడానికి? మెత్తగా ఉన్నదేదో తీసుకురా. కంపు కొట్టినా ఫర్వాలేదు."

కంపు కొట్టేది దుకాణంలో ఉంది. వేరే గాజుపెట్టెలో, మూత బిగించి, మిగతా సరుక్కు దూరంగా పెడతారు. కోడలు అది తెచ్చి, రొట్టెముక్కల పొడి కలిపి, చెంచాడు నూనె పోసి పిసికి ముద్ద చేసింది. రాత్రంతా ఫ్రిజ్ లో ఉంచి, పొద్దున తీసి నొక్కితే వేలు దిగింది. అత్తాకోడళ్ళు తాళంచెవి పోయిన పెట్టె తెరుచుకున్నంత సంబరపడ్డారు.

పనికెళ్ళబోతూ పాల కోసం ఫ్రిజ్ తెరిచిన కొడుకు ముక్కు మూసుకున్నాడు. "ఎవరి సాక్సులు దీంట్లో పెట్టారు?"

"నీవే అనుకుని మేమూ వెతికాం," అంది వాళ్ళమ్మ.

విషయం తెలిశాక అతను నవ్వలేదు. తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఎర పెట్టగలవు, సరే. పెద్ద చేప పడితే? రాయి పాచిపట్టి ఉంటుంది. నువ్వు నీళ్ళలో పడితే నేనేం కావాలి?"

అతని కళ్ళలో భయం నిజమైనదేనని సూదమ్మకు తెలుసు. తెలిసే మరీ ఒళ్ళు మండింది. ఉత్త కోపమైతే ఎదిరించి నిలబడొచ్చు. ఈ ప్రేమ ఉందే, అది ఎదురుగా రాదు, పక్కనుంచి వచ్చి చేతిలోది తీసేసుకుంటుంది.

"వచ్చి పక్కన నిలబడు," అంది. "చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడు."

ఆదివారం గట్టంతా జనం. చలి ఇంకా పూర్తిగా విడవలేదు, అందరి నోళ్ళలోంచీ పొగ వస్తోంది. కార్యదర్శి మెడలో ఈల వేలాడేసుకుని వరస మొదటి నుంచి నడుచుకుంటూ వస్తున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ఎవర్ని చూసినా చూపు పరీక్ష చేస్తున్నట్టే ఉంటుంది. సూదమ్మ దగ్గరికి వచ్చేసరికి గొంతు తేనె చేసుకున్నాడు.

"సూదమ్మగారూ, మీకు అటు వెనక ఏర్పాటు చేశామండీ. అబ్బాయి చెప్పలేదా?"

"చెప్పాడండీ. మీ కుషను బాగుందట. నాకిక్కడ పనుంది."

డబ్బా మూత తీసింది. పక్కరాయి మీది వడ్రంగి ఉలిక్కిపడి అవతలికి జరిగాడు.

"ఏమిటండీ ఇది?" అన్నాడు కార్యదర్శి.

"ఎర."

"ఇది చీజు."

"మీ ముక్కు బాగానే పనిచేస్తోంది."

"అది కాదండీ. మన సంఘంలో మొదట్నుంచీ వానపాములే కదా."

"ఎవరి ఎర వాళ్ళే పెట్టుకోవాలన్నారు. ఏ ఎర పెట్టాలో చెప్పలేదు. ఈ వడ్రంగాయన రొట్టెపిండి పెడుతున్నాడు, ఆయన్ని అడగరేం?"

వడ్రంగి తన పిండి డబ్బా మీద మూత వేసుకున్నాడు. కార్యదర్శి గొంతులో తేనె కాస్త తగ్గింది. "వానపామైతే గుచ్చాలి. దానికో నేర్పు కావాలి. ఇది ముద్ద చేసి నలపడమేగా. దీనికి చేతులతో పనేముంది?"

"అయితే చేతుల్లేకుండా నలిపి చూపించండి."

వరస పొడుగునా నవ్వు పాకింది. సూదమ్మ ముద్ద తుంచింది. చెయ్యి వణికింది. అందరూ చూస్తున్నారని ఆమెకు తెలుసు, దాచే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు. వణికే చేత్తోనే గాలం అరచేతిలో పెట్టింది, ముద్ద అద్దింది, గుప్పిట మూసింది, నలిపింది, తెరిచి కార్యదర్శి కళ్ళజోడు ముందు పట్టింది. ఆయన ముక్కు పక్కకు తిప్పుకుని ముందుకు కదిలాడు.

గాలం వేసింది. బెండు నిలబడింది. కొడుకు తల్లి చెప్పినట్టే చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక నిలబడ్డాడు. కోడలు సంచి పట్టుకుని ఒక పక్కన కూర్చుంది.

ఎంతోసేపు పట్టలేదు. బెండు ఒకసారి ఊగి, నింపాదిగా పక్కకు నడిచి, ఉన్నట్టుండి మాయమైంది. సూదమ్మ కర్ర ఎత్తింది. ఈసారి ఖాళీగా రాలేదు. కర్ర విల్లులా వంగింది, తాడు నీళ్ళను కోసుకుంటూ పోయింది. ఒక్కసారి పైకి తేలిన వీపును చూసి గట్టు మీది వాళ్ళు లేచి నిలబడ్డారు. బంగారుతీగ చేప. అంత చేపను ఆ వంపులో చూసి చాలా కాలమైంది.

సూదమ్మ కాలు రాతికి తన్నిపట్టింది. చేప లాగినప్పుడు వదిలింది, అలిసినప్పుడు లాగింది. చేతులు వణుకుతున్నాయి, కర్ర కొస వణుకుతోంది, అయినా చేప అంగుళం అంగుళం దగ్గరికి వస్తోంది. ఆ క్షణాన ఆమెకు వయసూ గుర్తులేదు, బెంచీ గుర్తులేదు. చేపా తనూ తప్ప లోకంలో మూడో మనిషి లేడు. ఒళ్ళంతా సంతోషంగా ఉంది.

కొడుక్కి ఇవేవీ కనపడలేదు. వణికే చేతులొక్కటే కనపడ్డాయి. గట్టు అంచుకు వచ్చిన చేప తోక కొట్టడం, తల్లి చెప్పు రాతి మీద జానెడు జారడం ఒకేసారి జరిగాయి. ఒక్క ఉరుకున వచ్చి ఆమె చేతుల్లోంచి కర్ర లాగేసుకుని, చేపను గట్టు మీదికి ఈడ్చేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య సూదమ్మ తన చేతులు చూసుకుంది. ఖాళీగా ఉన్నా వణుకుతూనే ఉన్నాయి.

ఈల మోగింది. కార్యదర్శి గబగబా వచ్చాడు. "మరో చెయ్యి తగిలిందండీ. అందరూ చూశారు. బాధపడకండి సూదమ్మగారూ, ఏదో ఒకనాటికి మా అందరికీ తప్పనిదే." ఆమె మోచెయ్యి పట్టుకోబోయాడు.

సూదమ్మ మోచెయ్యి వెనక్కి తీసుకుంది. కొడుకు వైపు తిరిగింది. "దాన్ని తిరిగి నీళ్ళలో వెయ్యి."

"అమ్మా, ఇంత చేప..."

"అది నేను పట్టిందీ కాదు, నువ్వు పట్టిందీ కాదు. నా చేతిలోంచి లాక్కున్నది. వెయ్యి."

అతను గాలం విడిపించి, చేపను రెండు చేతులా ఎత్తి నీళ్ళలోకి వదిలాడు. గట్టు మీద కొందరు అయ్యో అన్నారు. అది ఒక్క క్షణం నిలబడి లోతుకు వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెప్పండి," అంది సూదమ్మ కార్యదర్శితో. "బజార్లో నా చేతిసంచి ఒకడు లాక్కున్నాడనుకోండి. సంచి పోయిందని నన్ను పట్టుకెళ్ళి స్టేషన్లో కూర్చోబెడతారా?"

"పద్ధతి పద్ధతేనండీ. మరో చెయ్యి తగిలితే..."

"తగిలింది. కాదన్నానా? నేను పిలిచానా? సాయం అడిగానా? మీ పద్ధతి నాకు ఒప్పుదలే. ఏ చెయ్యి తగిలిందో ఆ చేతిని తీసుకెళ్ళి కూర్చోబెట్టండి బెంచీ మీద. నా చేతులకి ఇక్కడ పని ఉంది. వణుకుతాయి, వణకనివ్వండి. నా చేతులు, నా వణుకు. మీకేం నొప్పి?"

ఎవరూ నవ్వలేదు. వడ్రంగి మాత్రం నెమ్మదిగా, "ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. కార్యదర్శి ఈల పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

కొడుకు తల్లి మొహం చూశాడు. కోపం ఉంటుందనుకున్నాడు, దానికి సిద్ధపడే ఉన్నాడు. కోపం కాదు అక్కడున్నది. తన కొట్టు ఎవరో మూయించి తాళం వేసుకుపోతే నిలబడి చూసే మనిషి మొహంలా ఉంది.  తనే నడుచుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. పోస్టాయన జరిగి చోటిచ్చాడు.

కార్యదర్శికి ఏదో ఒకటి అనక తప్పలేదు. "సరే. ఇంకొక్క చేప. దాన్నైనా మీ చేత్తోనే గట్టెక్కించి, మీ చేత్తోనే విడిపించాలి. కాలేదంటే మీరే లేవాలి."

"లేస్తాను," అంది సూదమ్మ. ముద్ద తుంచింది, నలిపింది, వేసింది.

ఈసారి బెండు చాలాసేపు కదల్లేదు. టీలు వచ్చాయి, వెళ్ళాయి. సంఘం వంటవాళ్ళు భోజనం తయారని కబురు పెట్టారు. ఎవరూ లేవలేదు. కార్యదర్శి కూడా లేవలేదు, వెళ్తే ఏం చూడలేకపోతాడోనని. ఎండ బాగా కాసి నీళ్ళు మెరుస్తున్న వేళ బెండు సన్నగా వణికి కిందికి జారింది. సూదమ్మ ఎత్తింది. బరువేమీ లేదు. జెల్ల, అరచెయ్యి అంత కూడా లేదు.

చిన్నదే గానీ, జెల్లను తెలిసినవాళ్ళెవరూ దాన్ని చూసి నవ్వరు. వీపు మీద ఒక ముల్లు, చెంపల పక్కన చెరొక ముల్లు ఉంటాయి. గుచ్చుకుంటే ఆ పూటంతా సలుపు. దాన్ని పట్టుకోవాలంటే ఆ మూడు ముళ్ళ వెనగ్గా, సరిగ్గా ఒక్కచోట వేళ్ళు పడాలి. కుదురైన చేతులకే అది కష్టం.

మొదటిసారి పట్టుకోబోయేసరికి ముల్లు దిగింది. బొటనవేలి నుంచి రక్తం కారింది. బెంచీ మీద కొడుకు సగం లేచాడు. పోస్టాయన అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. "కూర్చో బాబూ. కిందటేడు మా తమ్ముడి కొడుకు ఇలాగే లేచి వచ్చాడు నా సాయానికి. మంచి పిల్లాడు. వాణ్ణి ఈ రోజుకీ నేను క్షమించలేదు."

కొడుకు కూర్చున్నాడు. చేతులు తన మాట వినవేమోనని రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

రెండోసారీ ముల్లు దిగింది. "పట్టకారు ఇమ్మంటారా?" అన్నాడు కార్యదర్శి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, ఆయనే చూడలేకపోతున్నట్టుంది. సూదమ్మ తల అడ్డంగా ఊపింది. ఆలోచించింది. కుట్టేటప్పుడు పట్టుగుడ్డతో వచ్చే చిక్కే ఇది, జారే గుడ్డను వేళ్ళతో పట్టుకుంటే ఎప్పుడూ ఆగదు. అరచెయ్యి మొత్తం పరిచి నొక్కాలి. చేపను రాతి మీద వేసి, ముళ్ళకు వెనగ్గా అరచెయ్యి పరిచి, ఒంటి బరువంతా దాని మీద పెట్టింది. అంత బరువు కింద వణకడానికి చేతికి చోటు దొరకలేదు. రెండో చేత్తో గాలం పట్టుకుని తిప్పింది. రాలేదు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ తిప్పింది.  ఎంతసేపు పట్టిందో ఎవరూ చూసుకోలేదు. చివరికి గాలం ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

జెల్లను తీసి బుట్టలో పడేసింది. రక్తం చీరకు తుడుచుకుంది. కార్యదర్శి వైపు చూసింది, అంతే. ఆయన ఈల చొక్కా లోపలికి దోపుకున్నాడు.

అప్పుడు బెంచీ మీది నుంచి పోస్టాయన లేచాడు. మోకాళ్ళు సవరించుకుంటూ నాలుగడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. "సూదమ్మగారూ, ఆ ముద్ద ఇంకా ఉందాండీ?"

"ఒకసారి బెంచీ ఎక్కినవాళ్ళు మళ్ళీ..." అని మొదలుపెట్టాడు కార్యదర్శి.

"ఎక్కినవాళ్ళు దిగకూడదని చెప్పడానికి అదేమైనా పాడెనా?" అంది సూదమ్మ. తర్వాత పోస్టాయనతో, "ఉంది. కానీ నేనివ్వను. వచ్చి మీరే తీసుకోండి," అంది.

ఆయన వచ్చాడు. ఆయన చేతులు ఈమె చేతుల కంటే ఘోరంగా వణుకుతున్నాయి. డబ్బాలోంచి ముద్ద తుంచడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. ఎవరూ సాయానికి వెళ్ళలేదు. నాలుగోసారి తుంచుకుని, గుప్పిట్లో పెట్టుకుని, అది ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. వడ్రంగి తన రెండో కర్ర తీసి, చేతికి ఇవ్వకుండా, ఆయనకు అందేలా రాతికి ఆనించి పెట్టాడు.

బెంచీ మీద, కొత్త కుషను మీద, రాయిలాంటి ఒళ్ళున్న కొడుకు, ఆ లిఫ్టు మెకానిక్కు, ఒక్కడే మిగిలాడు. భోజనానికి వెళ్తున్నవాళ్ళందరూ అతన్ని ఒకసారి చూసి వెళ్ళారు. అతను ఓర్చుకున్నాడు. జనం పలచబడ్డాక, చేతులు ఇంకా తొడల కిందే పెట్టుకుని, మెల్లగా అడిగాడు.

"అమ్మా, లేవనా?"

సూదమ్మ వెనక్కి తిరగలేదు. గుప్పిట మూసి ముద్ద నలుపుతోంది.

"నీ చేతులు నీ దగ్గరుంచుకోవడం వచ్చాక లేద్దువుగాని," అంది. "కూర్చుని చూడు."